5 గీత లేదు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి, నా దగ్గర కౌన్సెలింగ్ తీసుకున్న ఆమె లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చారు. రాసినదంతా చదివి రెండు చోట్ల దిద్దారు కూడా. వయసు, కుటుంబ వివరాలు, సెషన్ల వరుస గుర్తుపట్టడానికి వీల్లేకుండా మార్చాను. ఆమె రాసిన వాక్యాలను మాత్రం ఆమె కోరిక మేరకు అక్షరం మార్చకుండా ఉంచాను. కౌన్సెలింగ్‌లో కవిత్వాన్ని చాలాకాలంగా వాడుతున్నాను. ఇంతకంటే సాఫీగా నడిచిన కేసులు నా దగ్గర ఉన్నాయి. దీన్నే ఎంచుకోవడానికి కారణం, ఇందులో నేను చేసిన పొరపాట్లు పని తెలియక చేసినవి కావు, కవిత్వం మీద ఇష్టం కొద్దీ చేసినవి.

నేపథ్యం

ఆమె వయసు 60కి దగ్గర. 20 ఏళ్ళకు పైగా ఒక సంస్థ స్టోర్స్ విభాగంలో పనిచేసి, మంచం పట్టిన తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేశారు. 6 ఏళ్ళ పాటు ఆ పని ఆమె ఒక్కరే చేశారు. మిగిలినవాళ్ళు ఫోన్‌లో పలకరించేవారు. తల్లి పోయిన 14 నెలలకు, అప్పటికే డిప్రెషన్‌కు మందులు ఇస్తున్న సైకియాట్రిస్టు, నిద్ర కొంత కుదుటపడింది గానీ మనిషిలో కదలిక రావడం లేదని రాసి నా దగ్గరకు పంపారు.

వచ్చిన సమస్య

ఏం ఇబ్బందిగా ఉందని మొదటి సెషన్‌లో అడిగితే ఆమె ఇచ్చిన జవాబు ఇది: “ఇబ్బందేమీ లేదండీ. పొద్దున లేచింది మొదలు ఏదో పని చేస్తూనే ఉంటాను. రాత్రి పడుకునేటప్పుడు ఈ రోజు ఏం జరిగిందని చూసుకుంటే ఏమీ ఉండదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పమంటే చెప్పలేను.”

డిప్రెషన్ తీవ్రతను కొలిచే 9 ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 పత్రంలో ఆమెకు 27కి 13 వచ్చాయి. పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా అని అడిగే మొదటి ప్రశ్నకు పూర్తి 3 వేశారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనల గురించిన చివరి ప్రశ్నకు సున్నా వేశారు. ఆ ఒక్క విషయాన్ని కాగితానికి వదిలేయకుండా నోటితో కూడా విడిగా అడిగాను, ఆ తర్వాత ప్రతి నెలా అడుగుతూనే వచ్చాను.

దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అవుతుందేమోనని ఆలోచించాల్సి వచ్చింది. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికన్ గ్రంథం డీఎస్ఎంలో 2022లో వచ్చిన కూర్పు, డీఎస్ఎం-5-టీఆర్, దాన్ని రోగనిర్ధారణల్లో చేర్చింది. పెద్దవాళ్ళలో మరణం జరిగి కనీసం 12 నెలలు దాటాలి, పోయిన మనిషి కోసం తీవ్రమైన తపన గానీ ఆ మనిషి గురించే ఎడతెగని ఆలోచన గానీ ఉండాలి. కాలం సరిపోయింది గానీ ఆ తపన ఆమెలో నాకు కనిపించలేదు. అమ్మ గుర్తొస్తారా అని అడిగితే, “అమ్మ పనులు గుర్తొస్తాయి. ఆ టైముకి చేతులు ఊరికే ఉంటాయి” అన్నారు. ఈ మాటను నోట్సులో రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. దాని బరువు తెలియడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ముందు చేసినవి

మామూలుగా ఇలాంటప్పుడు బిహేవియరల్ యాక్టివేషన్‌తో మొదలుపెడతాం. దిగులు వల్ల మనిషి పనులు తగ్గించుకుంటాడు, పనులు తగ్గితే వాటి నుంచి వచ్చే చిన్న చిన్న తృప్తులు కూడా పోతాయి, దాంతో దిగులు ఇంకా ముదురుతుంది; కాబట్టి మనసు బాగుపడేదాకా ఆగకుండా పనులను ముందుగా తిరిగి తేవాలన్నది దాని తర్కం. గంటగంటకూ చేసిన పని, దాని వల్ల కలిగిన తృప్తి 0 నుంచి 10 దాకా రాసుకురమ్మని పట్టిక ఇచ్చాను. రెండు వారాలకు రెండు పట్టికలూ నిండుగా తెచ్చారు. ఖాళీ గంట ఒక్కటి లేదు. తృప్తి గడుల నిండా సున్నాలు, అవి కూడా ఒకే సైజులో, ఒకే వరుసలో.

ఆ పట్టిక చూశాక నాకు తోచింది ఏమిటంటే, ఆమెలో పని తగ్గలేదు, చేసిన పని ఎక్కడా నమోదు కావడం లేదు. రష్యన్ సాహిత్య విమర్శకుడు విక్టర్ ష్క్లోవ్‌స్కీ 1917లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో టాల్‌స్టాయ్ డైరీ నుంచి 1897 నాటి ఒక సంగతి ఎత్తి చూపుతాడు. టాల్‌స్టాయ్ గదిలో దుమ్ము తుడుస్తూ సోఫా దగ్గరకు వచ్చేసరికి, దాన్ని తుడిచాడో లేదో గుర్తురాలేదట. అలా తెలియకుండా గడిచినది జరగనట్టే లెక్క అన్నది అక్కడి మాట. కళ ఉన్నది ఈ అలవాటు పొరను చీల్చి వస్తువును మళ్ళీ తగిలేలా చేయడానికే అని ష్క్లోవ్‌స్కీ వాదన. ఈ కథ ఆమెకు చెప్పాను. మొదటిసారి నవ్వి, “ఒక్క సోఫాకే డైరీలో రాసుకున్నారా ఆయన!” అన్నారు.

ధ్యాస పెంచడానికి శ్వాస మీద ధ్యానం నేర్పవచ్చు కదా అని అడిగేవారు ఉంటారు. అది నేనూ అనుకున్నాను. ఆమె అప్పటికే ఎవరో చెబితే ప్రయత్నించి మానేశారు. ఊపిరి చూస్తూ కూర్చుంటే, తల్లి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్న రాత్రులు తిరిగి వస్తున్నాయి. అందువల్ల ధ్యాసను లోపలికి తిప్పకుండా బయటి వస్తువు మీద నిలపాలని నిర్ణయించుకున్నాను. బడిలో నేర్చుకున్న పద్యాలు ఆమెకు ఇప్పటికీ కంఠస్థంగా ఉండటం చూశాక కవిత్వం అందుకు తగిన దారి అనిపించింది.

కుదరనివి

కవితా చికిత్సలో నికొలస్ మాజా ఇచ్చిన మూడంచెల పద్ధతిని నేను అనుసరిస్తాను. ఉన్న కవితను చదివి స్పందించడం ఒకటి, సొంతంగా రాయడం ఇంకొకటి, ప్రతీకలతో లేదా ఒక చిన్న క్రతువుతో దేన్నయినా ముగించడమో మొదలుపెట్టడమో మూడోది. వరుస తప్పనిసరి కాదు గానీ, రాయమంటే బెదిరేవాళ్ళకు చదవడంతో మొదలుపెట్టడం తేలిక.

మామూలు వస్తువుల మీద కవిత్వం అనగానే తెలుగులో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది శ్రీశ్రీ. 1950లో వచ్చిన ‘మహాప్రస్థానం’లోని ‘ఋక్కులు’ కవితను కాగితం మీద రాసి ఇచ్చాను. కుక్కపిల్లనూ అగ్గిపుల్లనూ సబ్బుబిళ్ళనూ కవిత్వంలోకి పిలిచిన ఆ కవిత నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆమె రెండుసార్లు చదివి కాగితం మడిచి బల్ల మీద పెట్టారు.

“సబ్బుబిళ్ళను హీనంగా చూడొద్దన్నారు, బాగానే ఉంది. ఆ సబ్బుతో నేను 6 ఏళ్ళు రోజుకు రెండుసార్లు పక్కగుడ్డలు ఉతికాను. దాన్ని హీనంగా చూసే తీరిక కూడా నాకు లేదండీ.”

ఇందులో కవితది ఏ తప్పూ లేదు. కవిత్వంలోకి ఏది రావచ్చు, ఏది రాకూడదు అని తరాలుగా గీసుకున్న గీతను చెరిపేసే కవిత అది. ఆ వస్తువుల మధ్యే మునిగిపోయి ఊపిరాడని మనిషికి దాన్ని మందు చీటీలా రాసి ఇచ్చింది నేను. కవితా చికిత్స మీద జాక్ లీడీ సంపాదకత్వంలో 1969లో వచ్చిన సంకలనం నుంచీ ఈ రంగంలో ఒక సూత్రం ఉంది: రోగి ఇప్పుడున్న మనఃస్థితికి దగ్గరగా ఉన్న కవితను ముందు ఇవ్వాలి, మనం తీసుకుపోదలచిన చోటి కవితను కాదు. నేను శిక్షణలో ఇతరులకు బోధించే సూత్రమే ఇది. ఇష్టమైన కవిత చేతిలో ఉన్నప్పుడు సూత్రం గుర్తుకు రాలేదు.

చదవడం పక్కన పెట్టి రాయడంలోకి వచ్చాం. ఇంట్లోని ఒక వస్తువు మీద వారానికి ఒకటి, నాలుగైదు వాక్యాలు చాలునని చెప్పాను. మొదటిది ఇలా వచ్చింది: “తలుపు గడియ చిన్నదే. అయినా ఇంటిని కాపాడుతుంది. మనిషి కూడా అలాగే ఓర్పుతో తన చోట తాను ఉండాలి.” చాలా బాగుందన్నాను. తర్వాతి వారం చీపురు మీద, ఆ తర్వాత బకెట్ మీద, మెట్టు మీద. నాలుగింటిలో మూడు ‘ఓర్పు’ అన్న మాటతోనే ముగిశాయి. ప్రతిసారీ నేను మెచ్చుకున్నాను. ఆరో వారానికి పీహెచ్‌క్యూ-9 స్కోరు 14. కాగితాలు ఇస్తూ ఆమె అన్నమాట నన్ను ఆపింది: “ఇవి మీ కోసం రాస్తున్నానండీ.”

ఆ నాలుగు కాగితాలనూ ఇంటికి తెచ్చుకుని పక్కపక్కన పెట్టి చూశాను. అది శతక పద్యం నడక. మనలో చాలామందికి వస్తువును కవిత్వంలో చూడటం నేర్పింది శతకమే. వేమన ఉప్పునూ కప్పురాన్నీ పక్కపక్కన పెట్టింది మనుషుల్లో పుణ్యపురుషులు వేరని చెప్పడానికి. పద్యం మూడో పాదానికి వచ్చేసరికి ఉప్పు పని అయిపోతుంది. అలంకారశాస్త్రంలో దీన్ని దృష్టాంతం అంటారు. పద్యంగా అది గొప్ప పనిముట్టే. కానీ ఈమె విషయంలో దాని ఫలితం వేరుగా ఉంది. ఆరేళ్ళుగా చుట్టూ ఉన్నవాళ్ళు ఓర్పుగా ఉండమన్నారు; ఇప్పుడు నా ప్రోత్సాహంతో గడియ, చీపురు, బకెట్ కూడా అదే మాట అంటున్నాయి. వస్తువుల్లో అర్థం వెతకమని నేను అడిగాను. చేతికి అందుబాటులో ఉన్న అర్థం ఆమె ఇచ్చారు.

కాబట్టి నీతులు వద్దన్నాను. పోలికలు వద్దన్నాను. ‘జీవితం’, ‘మనిషి’ అన్న మాటలు రాకూడదన్నాను. తర్కం సరైనదే అని ఇప్పటికీ అనుకుంటాను, కానీ రెండు వారాలు ఖాళీ కాగితమే వచ్చింది. ఉన్న చట్రాన్ని లాగేసి దాని చోట ఇంకో చట్రం ఇవ్వకపోతే కొత్తగా రాసేవాళ్ళు నిలబడలేరు. రాయడం అలవాటున్న నేను ఆ సంగతి మరిచాను.

మలుపు

ఖాళీ కాగితం తెచ్చిన రెండో వారం, లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, “మీ బయటి గదిలో ఐదు కుర్చీలున్నాయి. గోడ వైపు రెండోదానికి వెనక కాలు రబ్బరు లేదు. ఎవరైనా జారతారు” అన్నారు. ఎలా చూశారని అడిగితే అలవాటని చెప్పి వెళ్ళిపోయారు. కుర్చీ చూశాను. నిజమే. ఆ గదిలో నేను కొన్నేళ్ళుగా రోజూ నడుస్తున్నాను.

చూపు లేని మనిషికి చూపు నేర్పాలని రెండు నెలలుగా తంటాలు పడుతున్నానని అప్పుడు అర్థమైంది. ఆమెకు చూపు లేకపోవడం కాదు, నా కంటే పదింతలు ఉంది. ఆ చూపుకు ‘కవిత’ అన్న పేరున్న కాగితం మీద చోటు దొరకడం లేదు. దానికి అలవాటైన కాగితం వేరే ఉంది.

తర్వాతి సెషన్‌లో స్టాక్ రిజిస్టర్ ఎలా రాస్తారో నాకు నేర్పమని అడిగాను. ఆమె గొంతు మారింది. వస్తువు పేరు, సంఖ్య, స్థితి, రిమార్కులు; ఏడాదికోసారి రిజిస్టర్ చేతిలో పెట్టుకుని ప్రతి వస్తువునూ ఎదురుగా చూసి చేసే తనిఖీ; లెక్కలో ఉండి చోటులో లేనివి, చోటులో ఉండి లెక్కలో లేనివి. రిమార్కుల గడిలో ఏం రాస్తారని అడిగితే ఆమె ఇచ్చిన నిర్వచనం నేను ఇప్పటిదాకా విన్న కవిత్వ నిర్వచనాల్లో దేనికీ తీసిపోదు: “తర్వాత తనిఖీకి వచ్చేవాడు అలాంటివే పది ఉన్నా ఇదే అది అని గుర్తుపట్టేటట్టు రాయాలి.”

ఇంటికి ఒక రిజిస్టర్ తెరవమన్నాను. నియమాలు ఇద్దరం కలిసి పెట్టుకున్నాం. వస్తువు చేతిలో ఉండగానే రాయాలి, గుర్తు తెచ్చుకుని కాదు. రోజుకు ఒక్కటే. రిమార్కు రెండు వాక్యాలకు మించకూడదు. అది తర్వాత వచ్చేవారికి గుర్తు కావాలి తప్ప అభిప్రాయం కాకూడదు. కవిత్వం అన్న మాట ఇద్దరం ఎత్తలేదు.

మొదటి మూడు వారాల పద్దులు పొడిగా ఉన్నాయి. “బకెట్. 1. పిడి వంగింది. వాడుకలో ఉంది.” “బట్టల క్లిప్పులు. 22. రెండింటికి స్ప్రింగు లేదు.” ఇది దేనికి పనికొస్తుందని పర్యవేక్షణ సమావేశంలో ఒక సహోద్యోగి అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. నిజానికి ఇది మన అలంకారశాస్త్రంలో, పాతకాలపు సంస్కృత ఆలంకారికుల మధ్య నడిచిన తగాదా. సూర్యుడు అస్తమించాడు, చంద్రుడు వెలుగుతున్నాడు, పక్షులు గూళ్ళకు పోతున్నాయి అన్న వాక్యాన్ని ఎత్తి చూపి, ఇదేం కావ్యం, ఇది వార్త అన్నాడు భామహుడు. అదే వాక్యాన్ని తీసుకుని, వేళ ఎంతయిందో తెలియజేసే సందర్భంలో ఇది బాగానే ఉందన్నాడు దండి. ఉన్నదున్నట్టు చెప్పే స్వభావోక్తిని అలంకారాల వరుసలో మొట్టమొదట కూర్చోబెట్టినవాడు కూడా ఆయనే. అది అలంకారమే కాదు, అలంకరించాల్సిన వస్తువు అని కుంతకుడు కొట్టేశాడు. వస్తువుకు అందరికీ కనిపించే సామాన్య రూపం ఒకటి, కవి ప్రతిభకు మాత్రమే అందే విశిష్ట రూపం ఇంకొకటి ఉంటాయని, రెండోదాన్ని చెప్పడమే స్వభావోక్తి అని మహిమభట్టు దాన్ని నిలబెట్టాడు. తర్వాతి తనిఖీదారు గుర్తుపట్టాలన్న ఆమె నిబంధనకూ మహిమభట్టు విశిష్ట రూపానికీ ఎంత దూరం? బకెట్ పద్దు నాకు వార్తలాగే కనిపించింది. కానీ ఎవరి వేళను అది తెలియజేస్తుందో ఇంకా తెలియలేదు కాబట్టి తొందరపెట్టకూడదని నిర్ణయించుకున్నాను. ఇంకొంచెం లోతుగా రాయండి అని నేను ఒక్క మాట అని ఉంటే ఓర్పు మళ్ళీ తిరిగి వచ్చేది.

నాలుగో వారం వచ్చిన పద్దు ఇది.

“మందు కొలిచే మూత. 1.
పగుళ్ళు లేవు. 5 గీత లేదు. 10 గీత ఉంది.
రిమార్కు: గీత పోయాక కూడా గోరు అక్కడే ఆగేది.”

పైకి చదివాను. మెల్లగా, ఆమె పంక్తులు ఆపిన చోటే ఆపుతూ. వ్యాఖ్య ఏదీ చేయలేదు. కొంతసేపటికి ఆమే చెప్పడం మొదలుపెట్టారు. మందు సీసాలు మారినా మూత మాత్రం ఆరేళ్ళూ అదే ఉంచుకున్నారు. దీపం వేస్తే తల్లికి కళ్ళు నొప్పి. పక్కగది వెలుతురులో మూత మీది ఉబ్బెత్తు గీత కనపడేది కాదు. వేలితో తడిమి, బొటనవేలి గోరు దాని మీద ఆనించి, గోరును చూస్తూ మందు పోసేవారు. అలా పోసి పోసి 5 మిల్లీలీటర్ల గీత అరిగిపోయింది. కొత్త మూత వాడవచ్చు కదా అని ఎవరూ అనలేదు, ఆమెకూ తోచలేదు. “అప్పటికి గీతతో పని లేదండీ” అన్నారు. తల్లి పోయాక ఆ ఆరేళ్ళ గురించి ఒక పూర్తి వాక్యం ఆమె నోట రావడం నేను వినడం అదే మొదలు.

“ఆ టైముకి చేతులు ఊరికే ఉంటాయి.” మొదటి రోజు నోట్సులో నేను గీత గీసిన వాక్యం. ఆమెలో తపన లేదని అప్పుడు రాసుకున్నాను. తపన ఉంది. అది ముఖం కోసం, మాట కోసం కాకుండా కొలత కోసం ఉంది. ప్రశ్నపత్రాలు అడగని చోట ఉంది.

తర్వాత జరిగింది

ఇక్కడి నుంచి అంతా సాఫీగా సాగిందని రాయాలని ఉంటుంది ఎవరికైనా. సాగలేదు. మరుసటి వారం గంట పద్దు వచ్చింది.

“మంచం పక్క గంట. 1.
నాలుక సరిగా ఉంది. మోగుతుంది.
రిమార్కు: మోగినప్పుడు లేచాను. మోగనప్పుడు ఎందుకు మోగలేదని లేచాను.”

ఈసారి చదివింది ఆమే, చదివాక చాలాసేపు ఏడ్చారు. ఆ ఏడుపులో దుఃఖం కంటే కోపం ఎక్కువ. ఫోన్‌లో పలకరించి ఊరుకున్నవాళ్ళ మీద, ఓర్పు చెప్పినవాళ్ళ మీద, కొంత తల్లి మీద కూడా. ఆ వారం నిద్ర మళ్ళీ చెడింది, స్కోరు 15కి పెరిగింది. లోపల ఉన్నది బయటికి వస్తోంది కదా, పోనిద్దాం అనుకోవడం ఇలాంటి చోట సులభం. నేను అలా అనుకోలేదు. సైకియాట్రిస్టుతో మాట్లాడాను, ఆయన మందుల మోతాదు మార్చనవసరం లేదని, గమనిస్తూ ఉండమని అన్నారు. సెషన్లు వారానికి రెండు చేశాను, పద్దులు మాత్రం రోజుకు ఒకటి నుంచి వారానికి ఒకటికి తగ్గించాను. రోజూ రాస్తే ప్రతి వస్తువూ గంటే అవుతుంది. వారానికి ఒకటైతే దాని గురించి మాట్లాడే సమయం దొరుకుతుంది. తల్లి గదికి సంబంధం లేని వస్తువు ఒకటి, ఆ గదిది ఒకటి, వంతులవారీగా రాయమన్నాను. మూడు వారాల్లో నిద్ర సర్దుకుంది.

ఐదో నెలలో, బల్ల మీద మడిచి పెట్టిన శ్రీశ్రీ కాగితాన్ని ఆమే అడిగి తీసుకున్నారు. మళ్ళీ చదివి, “సబ్బుబిళ్ళ అని ఊరుకున్నారు. ఎంత అరిగిందో రాయలేదు” అన్నారు. ఆ కవిత బలం దాని వేగంలో ఉందని, ఒక్కో వస్తువు దగ్గర ఆగితే అది ఆ కవిత కాదని నా వాదన వినిపించాను. ఒప్పుకోలేదు. పావుగంట వాదించుకున్నాం. తృప్తి గడిలో సున్నాలు వేసిన మనిషితో ఒక కవిత గురించి పావుగంట వాదించడం నాకు పీహెచ్‌క్యూ-9 కంటే నమ్మదగిన కొలతగా అనిపించింది. ఆరు నెలలు పూర్తయ్యేసరికి స్కోరు 7. ఇందులో మందుల వాటా ఎంత, గడిచిన కాలం వాటా ఎంత, రిజిస్టర్ వాటా ఎంత అని విడదీయడం ఒక్క కేసులో సాధ్యం కాదు.

ఇప్పుడు నేను చేసే మార్పులు

కవితను ఎంచుకునేటప్పుడు, అది నాకు ఎంత ఇష్టమో అంత అనుమానించడం నేర్చుకున్నాను. ‘అర్థం’ అన్న మాటను సెషన్‌లో ముందుగా నేను ఎత్తను. ఆ మాట వినగానే మనిషి తనకు తెలిసిన నీతుల సంచి విప్పుతాడు. మనిషి చేసిన ఉద్యోగం, రాసిన కాగితాల రకం మొదటి సెషన్‌లోనే అడుగుతున్నాను. దర్జీ కొలతల పుస్తకం, నర్సు చార్టు, డ్రైవర్ ట్రిప్ షీటు, ఇవన్నీ కవిత్వ రూపాలు కాగలవని అనుకుంటున్నాను. వీటిలో రెండింటిని ఇప్పటికే ప్రయత్నించాను. ఒకటి కుదిరింది, ఒకటి కుదరలేదు.

ఈ రిజిస్టర్ పద్ధతిని అందరికీ ఇవ్వకూడదు. తాళం వేశానా లేదా అని పదిసార్లు సరిచూసుకునే ఓసీడీ ఉన్నవాళ్ళకు లెక్క, తనిఖీ అన్నవి మందు కావు, మంటకు గాలి. ఏదీ పారేయలేక ఇంటినిండా పోగేసుకునే సమస్య ఉన్నవాళ్ళకు ఒక్కో వస్తువులో ఇంత చరిత్ర చూపించడం ఇంకా ప్రమాదం. ఈమె విషయంలో ఈ రెండూ లేవని ముందే విచారించాను గానీ, రెండోదాని గురించి నా మనసులో కొంత భయం చివరిదాకా ఉంది. పద్దు రాసిన వస్తువును ఇక వదులుకోలేరేమో అన్నది ఆ భయం.

దానికి జవాబు ఆమె వృత్తిలోనే ఉంది. స్టోర్స్ రిజిస్టర్‌లో చివర ఒక గడి ఉంటుందని, నేను అడగలేదు కాబట్టి చెప్పలేదని ఏడో నెలలో అన్నారు. రైటాఫ్. ఇక పనికిరాని వస్తువును కారణం రాసి, సంతకం చేసి, లెక్కలోంచి తీసేయడం. కారణం లేకుండా తీసేయకూడదు. కారణం రాశాక ఉంచుకోకూడదు. మాజా చెప్పిన మూడో అంచె, అంటే ప్రతీక, క్రతువు, నేను ఇంకా ఆలోచిస్తూ ఉండగానే ఆమె దాన్ని గడి గీసి తెచ్చేశారు. తల్లి వాడిన చేతికర్ర, పాత పరుపు, గంట, ఒక్కొక్కటీ కారణంతో సహా వెళ్ళిపోయాయి.

చివరి సెషన్‌కు ముందు వారం, ఆ మందు మూతను ఒకసారి తెచ్చి చూపిస్తారా అని అడిగాను. ఎందుకడిగానో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు. అరిగిన ఆ చోటును వేలితో తాకాలనిపించింది. తర్వాతి వారం ఆమె మూత లేకుండా రిజిస్టర్ ఒక్కటే తెచ్చి ఆ పేజీ తెరిచారు. చివరి గడిలో తేదీ, సంతకం ఉన్నాయి. కారణం అన్నచోట ఇలా ఉంది: “వాడుక లేదు. కొలవాల్సిన మనిషి లేదు.”

పారేశారా అని అడిగాను. నా గొంతులో నిరాశ ఆమెకు వినిపించే ఉంటుంది. నన్ను ఓదారుస్తున్నట్టుగా పేజీని నా వైపు తిప్పి, “రిజిస్టర్‌లో ఉంది కదండీ” అన్నారు.